నగరం తిండి - కులం లెక్క
హైదరాబాదు చిన్న ఉత్పత్తిదారుల గురించి

హైదరాబాదు తిండికి ప్రపంచంలో పేరుంది. 2010లో హైదరాబాదు హలీముకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఒక మాంసం వంటకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. 2019 అక్టోబరులో యునెస్కో ఈ నగరాన్ని తన సృజనాత్మక నగరాల జాబితాలో వంటల నగరంగా చేర్చింది. మంచిదే, మనకూ సంతోషమే. అయితే ఒక నగరానికి పేరొస్తే ఆ పేరులో ఎవరి వాటా ఎంత అని అడగడం మన పని. వండినవాళ్ళెవరు, కోసినవాళ్ళెవరు, కడిగినవాళ్ళెవరు, పండించినవాళ్ళెవరు? పేరు బోర్డు మీద ఎవరున్నారు, బోర్డు వెనక ఎవరున్నారు?

నవాబుల దస్తర్‌ఖాన్ గురించి పుస్తకాలున్నాయి. ఇరానీ చాయ్ గురించి ఏడాదికో వ్యాసం వస్తుంది. బస్తీల తిండి గురించి, ఆ తిండిని తయారుచేసి అమ్ముకొని బతికే మనుషుల గురించి రాసింది తక్కువ. రుచి గురించి మాట్లాడుకుందాం, కాదనం. కానీ రుచి ఆకాశం నుంచి ఊడిపడదు. దాని వెనక పని ఉంది, పని వెనక కులం ఉంది.

పెద్దకూర లెక్క

2014లో కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో మాంసం తినేవాళ్ళు దాదాపు 99 శాతం అని తేలింది. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఇదే ఎక్కువ. ఇలాంటి రాష్ట్రానికి రాజధాని అయిన నగరంలో ఇల్లు అద్దెకు అడిగితే "మీరు నాన్‌వెజ్జా?" అనే ప్రశ్న ఎందుకొస్తోంది? వందలో ఒకరి అలవాటు మిగతా తొంభైతొమ్మిది మందికి మర్యాద కొలమానం ఎట్లా అయింది? కులం అంటే ఇదే. అది సంఖ్యను బట్టి నడవదు, మెట్టును బట్టి నడుస్తుంది.

మాంసంలో కూడా మెట్లున్నాయి. మేక, పొట్టేలు పై మెట్టు. కోడి నడిమి మెట్టు. బర్రె, దున్న, ఎద్దు కింది మెట్టు. మన వాడల్లో దాన్ని పెద్దకూర అంటారు. ఈ మెట్టును తయారుచేసింది ఎవరో చెప్పడానికి అంబేద్కర్ 1948లో ఒక పుస్తకమే రాశారు. పశుమాంసం తినడం మానని వాళ్ళను తక్కువగా చూడడంలో అంటరానితనం మూలం ఉందని ఆయన వాదన. తిండి వేరు కావడం వల్ల మనుషులు వేరు కాలేదు, మనుషుల్ని వేరు చెయ్యడానికి తిండిని వాడుకున్నారు.

హైదరాబాదు బిర్యానీ అంటే అందరికీ తెలుసు. కల్యాణి బిర్యానీ అంటే ఎంతమందికి తెలుసు? బీదర్ దగ్గరి కల్యాణి నవాబులు హైదరాబాదులో ఉన్న కాలం నుంచి వచ్చిన వంట అని చెప్తారు. బర్రె మాంసం చిన్న ముక్కలు, ధనియాలు, జీలకర్ర, టమాటా - ఖరీదైన మసాలా ఏమీ ఉండదు. పాతబస్తీలో కూలి చేసుకునే ముస్లిములకు, దళితులకు కడుపునిండా దొరికే బిర్యానీ అది. దాన్ని "పేదోళ్ళ బిర్యానీ" అంటారు. అంటే నవాబుల పేరు ఉండి కూడా తినేవాళ్ళను బట్టి అది కింది మెట్టుకు దిగింది. వంటకు కూడా కులం అంటుకుంటుందనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

ఇక వట్టి తునకల సంగతి. ఒక పశువును కోస్తే మాంసం పోగులు వేసి వాడంతా పంచుకునేవాళ్ళు. ఫ్రిజ్జులు లేవు, ఒక్కపూటలో అయిపోదు. అందుకని మాంసాన్ని పొడుగ్గా, పలచగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండలో ఆరేసేవాళ్ళు. తడి పోతే, ఉప్పు పడితే మాంసం కుళ్ళదు. వానాకాలంలో పని దొరకని రోజుల్లో అదే కూర. చింతచిగురుతోనో గోంగూరతోనో వండితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఇది విజ్ఞానం కాదా? చేపను ఎండబెడితే వ్యాపారం, పండును ఎండబెడితే పరిశ్రమ, పెద్దకూరను ఎండబెడితే మాత్రం "వాసన" ఎందుకయింది?

ఈ పనిని చట్టం కూడా చుట్టుముట్టింది. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవును, ఆవు దూడలను, బర్రె దూడలను కోయకూడదు. ఎద్దు, దున్న, బర్రె విషయంలో, అవి పాడికీ సేద్యానికీ ఈనడానికీ పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇస్తే కోయవచ్చు. అంటే పెద్దకూర అమ్మకం మొత్తం నేరం కాదు. కానీ ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలియని చోట బెదిరింపు నడుస్తుంది. బండి ఆపినవాడు ఏ పశువని చూడడు, కాగితం అడగడు. నష్టం ముందు ఖురేషీ కసాయి మీద, తర్వాత తోలు పని చేసే మాదిగ మీద, ఆ తర్వాత ముసలి ఎద్దును అమ్ముకోలేని చిన్న రైతు మీద పడుతుంది.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకున్నప్పుడు గొడవలు జరిగాయి. 2015 డిసెంబరులో మళ్ళీ పిలుపిస్తే కోర్టు ఉత్తర్వుతో ఆగింది. ఆ విద్యార్థులు అడిగింది కొత్త హక్కు కాదు. ఇంట్లో తినేదాన్ని హాస్టల్లో సిగ్గుపడకుండా తినగలగాలని అడిగారు.

బోటీ, తలకాయ, కాళ్ళు

మాంసం దుకాణంలో మెత్తని ముక్క ఒక ధర, మిగతాది ఇంకో ధర. తలకాయ, కాళ్ళు, బోటీ, నల్ల - ఇవి బీదల వాటా. కానీ ఇవి తినడానికి తయారు కావాలంటే బోలెడు పని. తలకాయ, కాళ్ళు మంట మీద కాల్చాలి, బొచ్చు గీకాలి, కొట్టాలి. బోటీని కడిగి, వేడినీళ్ళు పోసి, గీకి, మళ్ళీ కడగాలి. నగరంలో మాంసం మార్కెట్ల పక్కన ఈ పని చేసి బతికేవాళ్ళున్నారు. లెక్కకు కూలి, రోజంతా పొగ, నీళ్ళలో చేతులు. అదే పాయాను, అదే బోటీని పెద్ద హోటల్లో గిన్నెలో పోసి ఇస్తే "సంప్రదాయ వంటకం". శుభ్రం చేసినవాళ్ళు మాత్రం అశుభ్రం మనుషులు. ఈ తిరకాసు మనకు కొత్త కాదు. చెప్పు తొడుక్కోవచ్చు, కుట్టినవాణ్ణి ముట్టుకోకూడదు - ఇదీ అదే.

జొన్నరొట్టె తిరిగి వచ్చింది, ఎవరికి?

సాయంత్రమైతే నగరంలో చాలా గల్లీల మూలల మీద పొయ్యి, పెనం పెట్టుకొని జొన్నరొట్టెలు కొట్టి అమ్మే ఆడవాళ్ళు కనిపిస్తారు. చూడ్డానికి తేలిక. కానీ జొన్నపిండికి గోధుమపిండిలాగా సాగే గుణం లేదు. కర్రతో ఒత్తితే విరుగుతుంది. వేడినీళ్ళతో కలిపి, బాగా పిసికి, అరచేత్తో తిప్పుతూ కొట్టాలి. పెనం మీద వేశాక పైన నీళ్ళు అద్ది, సరిగ్గా ఆరే వేళకు తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే పగుళ్ళిస్తుంది. ఇది పల్లె నుంచి వలస వచ్చిన ఆడవాళ్ళు తల్లుల దగ్గర నేర్చుకున్న నైపుణ్యం. ఏ సంస్థా దీనికి సర్టిఫికెట్ ఇవ్వదు.

ఒకప్పుడు జొన్నగటక, అంబలి, సంకటి మాలమాదిగ వాడల రోజువారీ తిండి. వరి అన్నం పండుగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఆకలిని తగ్గించింది, ఆ మాట ఒప్పుకోవాలి. దాంతోపాటే చౌడు, ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, సజ్జ పండించుకునే చిన్న కమతాలకు గిరాకీ తగ్గింది. ఇప్పుడు షుగరు జబ్బు వచ్చాక డాక్టర్లు జొన్నరొట్టె తినమంటున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పేదల తిండి మందుగా మారింది. ధర పెరిగింది. ఆ పెరిగిన ధరలో రొట్టె కొట్టే చెయ్యికి ఎంత, పొలంలో కూలికి ఎంత, ప్యాకెట్టు మీద పేరున్న కంపెనీకి ఎంత - ఇది మనం వెయ్యవలసిన లెక్క.

దీనికి ఎదురు ఉదాహరణ నగరానికి దగ్గర్లోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1980ల నుంచి వాళ్ళు బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, విత్తనాలు దాచి, 1990ల్లో జొన్నలతో సొంత రేషను వ్యవస్థ నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాళ్ళు సాధించింది ఒక్క పంట కాదు. విత్తనం, భూమి, ధాన్యం, అమ్మకం నాలుగూ తమ చేతిలో పెట్టుకున్నారు. నాలుగూ ఒక చేతిలో ఉన్నప్పుడే పండించినవాళ్ళకు ధర మీద మాట ఉంటుంది.

ఆకుకూర కట్ట, భూమి కాగితం

నగరం తినే ఆకుకూరల్లో కొంత మూసీ పారకం కింద పండుతుంది. నగరం వదిలిన మురుగునీళ్ళే అక్కడ సాగునీళ్ళు. పీర్జాదిగూడ వైపు పోతే పారాగడ్డి మళ్ళు కనిపిస్తాయి. ఆ గడ్డి నగరంలోని బర్రెలకు మేత. మనం తాగే పాలకూ ఆ నీళ్ళకూ సంబంధం ఉందన్నమాట. ఆ మడిలో మోకాటి లోతు దిగి కోసే కూలికి చర్మం దురదలు. నగరం తన మురికిని వాళ్ళ ఒంటి మీదికి పంపి, తిరిగి వాళ్ళ కూరగాయలే మురికివని అంటుంది.

1999 జనవరిలో రైతు బజార్లు మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలనే ఆలోచన మంచిది. కానీ అక్కడ కూర్చోవాలంటే రైతుగా గుర్తింపు కార్డు కావాలి. కార్డుకు సాగు రుజువు కావాలి. భూమి లేని దళిత స్త్రీ, నోటిమాట మీద కౌలు చేసేవాళ్ళు ఆ రుజువు ఎక్కణ్ణించి తెస్తారు? వాళ్ళు బజారు గేటు బయట, రోడ్డు పక్కన గంప పెట్టుకుంటారు. భూమి లెక్క కూరగాయల గంప దాకా వస్తుంది.

బోర్డు మీది కులం

నగరంలో బ్రాహ్మణ భోజనం అని బోర్డు పెట్టొచ్చు. రెడ్డి మెస్ అనొచ్చు. రాజుగారి పలావు అనొచ్చు. అవి కులం పేర్లని ఎవరికీ అనిపించదు, రుచికి హామీ అనిపిస్తుంది. "మాదిగ భోజనశాల" అని బోర్డు పెడితే ఎంతమంది మెట్లెక్కుతారు? 2016లో చంద్రభాన్ ప్రసాద్ ఢిల్లీలో "దళిత్ ఫుడ్స్" పేరుతో పచ్చళ్ళు, మసాలాలు అమ్మకానికి పెట్టింది ఈ ప్రశ్న అడగడానికే. అందుకే మనవాళ్ళు చాలామంది కర్రీ పాయింట్లు, టిఫిన్ బండ్లు కులం తెలియని పేర్లతో నడుపుకుంటున్నారు. పేరు దాచుకుంటేనే గిరాకీ. ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి కంటికి కనిపిస్తుంది. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదిక దాన్ని నమోదు చేసింది. నగరంలో గ్లాసు ఒక్కటే, అనుమానం రెండు రకాలు.

కొత్త సాంకేతికం కూడా ఈ అనుమానాన్ని మోస్తోంది. 2024 మార్చిలో జొమాటో సంస్థ "శుద్ధ శాకాహారుల" కోసం వేరే డెలివరీ దళాన్ని, ఆకుపచ్చ యూనిఫారంతో, ప్రకటించింది. విమర్శలు వచ్చేసరికి ఒక్కరోజులో యూనిఫారం వెనక్కి తీసుకుంది. మాంసం మోసిన సంచి పక్కన అన్నం పెట్టరాదనే ఆలోచన ఎక్కడిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చట్టం ఏం ఇస్తోంది

బండి పెట్టుకోవడం దయ కాదు, హక్కు. సోదన్ సింగ్ కేసులో 1989లో సుప్రీంకోర్టు వీధి వ్యాపారం రాజ్యాంగం 19(1)(జి) కింద హక్కేనని, ప్రభుత్వం దాన్ని క్రమబద్ధం చెయ్యవచ్చునని చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టంలో గుర్తుంచుకోవలసినవి ఇవి:

సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళను లేపకూడదు. లేపాలన్నా, చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను పట్టుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. చెడిపోయే సరుకును అడిగిన రోజే, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం వ్యాపారుల నుంచి ఎన్నికైనవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన చోటివ్వాలి.

ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. 2011 నిబంధనలు చిన్న వ్యాపారికి ఏడాదికి 100 రూపాయల ఫీజుతో రిజిస్ట్రేషన్ పెట్టాయి. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకంలో పూచీ లేకుండా మొదటి విడత 10,000 రూపాయల అప్పు ఇచ్చారు. 2025లో దాన్ని 15,000 చేశారు. ఈ కాగితాలు లేకపోతే రోజూ మామూలు కట్టాలి. కాగితాలుంటే కనీసం అడగొచ్చు.

ఇక మన పని

సంఘం ఉంటే ఏమవుతుందో కల్లు చెప్తుంది. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో తెలంగాణ వచ్చాక మళ్ళీ తెరిచారు. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రభుత్వమే నీరా కేఫ్ పెట్టింది. గౌడలకు వృత్తి సంఘాలున్నాయి, గొంతుంది, ఓటు లెక్కుంది. రొట్టె కొట్టే ఆడవాళ్ళకు, బోటీ కడిగేవాళ్ళకు, పెద్దకూర వండేవాళ్ళకు ఆ బలం ఇంకా రాలేదు.

కాబట్టి విద్యార్థులు తమ బస్తీలో ఎవరేం వండి అమ్ముతున్నారో, పెట్టుబడి ఎంత, వడ్డీ ఎంత, మామూలు ఎంత, మిగిలేదెంత రాసి పెట్టాలి. మన దగ్గర అంకెలు లేకపోతే ఎదుటివాడి అంకెలే నిలుస్తాయి. కార్యకర్తలు వ్యాపార కమిటీ ఎన్నికల్లో మనవాళ్ళను, ముఖ్యంగా స్త్రీలను నిలబెట్టాలి. టీచర్లు పిల్లల్ని "మీ ఇంట్లో ఏం వండుతారు?" అని అడిగినప్పుడు ఏ పిల్లా తల దించుకోకుండా చూడాలి. వట్టి తునకలు అన్న పిల్లను చూసి క్లాసు నవ్వితే, ఆ రోజు పాఠం పక్కనబెట్టి ఆ నవ్వు గురించే మాట్లాడాలి.

నగరానికి వంటల నగరమని పేరొచ్చింది. ఆ పేరు తెచ్చిన చేతులకు చోటు, ధర, గౌరవం మూడూ రావాలి. అందులో ఏ ఒక్కటి తగ్గినా ఆ పేరు అప్పు తెచ్చుకున్నదే.