ప్రియమైన అనోరెక్సియాకు...

తిండికి భయపడి చిక్కిపోయే పిల్లల చికిత్సలో ఇప్పుడు కాగితానికీ కలానికీ చోటుంది. ఏం రాయిస్తారు? ఏం రాయనివ్వరు?

రాసే అలవాటు ఈ పిల్లల్లో చాలామందికి ముందునుంచే ఉంటుంది. తిన్నదెంత, నడిచిందెంత, అద్దంలో కనిపించిన లోపమేంటి... నోట్‌బుక్ చివరి పేజీల్లోనో ఫోన్‌లోనో రోజూ పద్దు ఎక్కుతూనే ఉంటుంది. బరువు కాస్త తగ్గితే సంబరం, పెరిగితే మర్నాడు పస్తు. ఆ పద్దు రాయించేది అనోరెక్సియా. ఎముకలు తేలినా ఇంకా లావుగానే ఉన్నానని నమ్మించే మానసిక వ్యాధి ఇది. మానసిక వ్యాధుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఒకటి. అమ్మాయిల్లో ఎక్కువ, అబ్బాయిలకూ వస్తుంది. ఆ కలంతో పిల్లలు మళ్లీ తమ మాట తాము రాసుకునేలా చేయడమే రచనా చికిత్స ఉద్దేశం.

రెండు ఉత్తరాలు

లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రికి చెందిన లూసీ సర్పెల్, జానెట్ ట్రెజర్ బృందం రోగులకు ఓ పని అప్పజెప్పింది. అనోరెక్సియాను నేస్తం అనుకుని ఒక ఉత్తరం, శత్రువు అనుకుని మరో ఉత్తరం రాయాలి. 18 మంది రాసిన ఉత్తరాల విశ్లేషణ 1999లో అచ్చయింది. తమను కాపాడుతోందనీ, జీవితం అదుపులో ఉన్నట్టు అనిపిస్తోందనీ నేస్తానికి రాసిన ఉత్తరాల్లో కృతజ్ఞత. ఎప్పుడూ తిండి ఆలోచనలే తప్ప ఇంకేమీ మిగల్లేదనీ, తమను పూర్తిగా ఆక్రమించేసిందనీ శత్రువుకు రాసినవాటిలో ఆక్రోశం.

అన్నం తింటే తగ్గేదానికి ఇంత పంతమెందుకని ఇంటివాళ్లు విసుక్కుంటారు. దానికి జవాబు మొదటి ఉత్తరంలోనే ఉంది. తనకు కాపలా అనుకున్నదాన్నే వదులుకోమంటే ఎవరికైనా భయమే. మాడ్‌స్లీ నిపుణులు పెద్దవాళ్ల కోసం రూపొందించిన 'మాంట్రా' చికిత్సలోనూ రాత పనులున్నాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2017లో దాన్ని సిఫార్సు చేశాయి.

న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్, ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్ అనే చికిత్సకులు ఇంకో దారి వేశారు. జబ్బు వేరు, మనిషి వేరు అన్నది వాళ్ల పద్ధతికి మూలం. 'నువ్వెందుకు తినవు?' అనడం మానేసి 'అనోరెక్సియా నీ చెవిలో ఏం చెబుతోంది?' అని అడుగుతారు. జబ్బును ఒక పాత్రను చేస్తే దానితో వాదించొచ్చు, వెక్కిరించొచ్చు, కథలోంచి గెంటేయొచ్చు.

ముందు అన్నం

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరీక్షించాడు. వాళ్లకు తిండి తప్ప దేనిమీదా మనసు నిలవలేదు, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. ఆకలితో ఉన్న మెదడుకు తిండి తప్ప మరో కథ తోచదు. అందుకే పిల్లలకు మొదట చేసేది కుటుంబ చికిత్స. అమ్మానాన్నలు దగ్గరుండి పూటపూటా తినిపించే బాధ్యత తీసుకుంటారు. ఒంట్లో శక్తి చేరేకొద్దీ రాతకు బలం వస్తుంది.

మనసులోని బాధను రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు రాసిన విద్యార్థులు, తరువాతి నెలల్లో వైద్యుల దగ్గరికి తక్కువసార్లు వెళ్లారని 1986లో అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్‌బేకర్ చూపించాడు. వాళ్లు కాలేజీకి వెళ్తూ తిరుగుతున్న పిల్లలు. అది చూసి అనోరెక్సియాకూ డైరీ చాలనుకుంటే ప్రమాదం.

అంకెలకు ప్రవేశం లేదు

బరువు, కెలోరీలు, దుస్తుల సైజు, తిండి మానడానికి వేసిన ఎత్తులు... వీటిని రాతలోకి రానివ్వకపోవడమే మంచిది. ఒకరి అంకె పక్కవారికి పోటీ అవుతుంది. ఆక్స్‌ఫర్డ్ సాహిత్య పరిశోధకురాలు ఎమిలీ ట్రోషాంకో, 'బీట్' అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి చేసిన సర్వే 2018లో వెలువడింది. అనోరెక్సియా లాంటి తిండి సంబంధ మానసిక వ్యాధుల గురించిన కథలు చదివి కీడు జరిగిందన్నవాళ్లే అందులో ఎక్కువ. వేరే ఇష్టమైన పుస్తకాలు మేలు చేశాయన్నారు. రాతకూ ఇదే జాగ్రత్త కావాలి. పదేళ్ల తరువాతి నువ్వు ఇవాళ్టి నీకు ఉత్తరం రాయి, నీ కథను వేరొకరి కథలా చెప్పు... ఇలాంటి అంశాలు ఇస్తే ఊహ ఒంటిని దాటి బయటికి వెళ్తుంది.

2020లో సాహిత్య నోబెల్ అందుకున్న అమెరికన్ కవయిత్రి లూయిస్ గ్లిక్ టీనేజీలో అనోరెక్సియాతో చదువు ఆపాల్సి వచ్చింది. ఏడేళ్లు మనోవిశ్లేషణ చికిత్స తీసుకున్నారు, కొలంబియా విశ్వవిద్యాలయంలో కవిత్వ తరగతులకు వెళ్లారు. ఆ ఆకలి గురించిన కవిత ఉన్న సంపుటి వచ్చింది 1980లో, ఆమె ముప్పైల్లో ఉండగా. జబ్బు గురించి ఇప్పుడే రాసేయాలని ఏ పిల్లనూ తొందరపెట్టకూడదు.

మనింట్లో అయితే...

'సన్నబడ్డావే, బాగున్నావ్' అనే మెచ్చుకోలు మన పెళ్లిళ్లలో మామూలు. శనివారం ఒక్కపొద్దు, హాస్టల్ తిండి పడటంలేదు, డైటింగ్... జబ్బు దాక్కోవడానికి చాలా సాకులున్నాయి. నెలసరి ఆగడం, కళ్లు తిరగడం, ఎప్పుడూ చలి అనడం, తినగానే బాత్రూమ్‌కి వెళ్లడం కనిపిస్తే ముందు డాక్టరుకు చూపించాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చికిత్స మొదలయ్యాక పిల్ల ఏదైనా రాసుకుంటుంటే అడక్కుండా పుస్తకం తెరవొద్దు. చదివి వినిపిస్తానంటే కూర్చుని వినండి. అక్షరదోషాలు మాత్రం దిద్దకండి.