గంజీఫా

తెలుగునాట చీట్లపేక పేరు విననివారు అరుదు. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అనే పేర్లు పల్లెటూరి రచ్చబండ మీద సైతం వినిపిస్తాయి. కాని వీటిలో ఒక్కటి కూడ అచ్చతెలుగు మాట కాదు. ఆఠీను, కళావరు అనేవి డచ్చి భాషలోని హార్టెన్, క్లావెర్ అనే పదాలకు చాలా దగ్గరగా ఉన్నాయి. డచ్చి వర్తకులు 17వ శతాబ్ది ఆరంభంలోనే మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు. అయితే అంతకు పూర్వమే మన దేశంలో గుండ్రని చీట్లతో ఆడే ఆట ఒకటి ఉండేది. అదే గంజీఫా.

గంజీఫా అనేది పారశీక పదం. మొగలు చక్రవర్తి బాబరు 1527లో సింధు పాలకునికి ఈ చీట్లను పంపినట్లు తన స్వీయచరిత్రలో పేర్కొన్నాడు. అక్బరు కాలంలో పన్నెండు వర్గాలతో, 144 చీట్లతో ఆడిన ఆటను అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వర్ణించాడు. అనంతర కాలంలో ఎనిమిది వర్గాలు, 96 చీట్లు గల ఆట ఎక్కువ ప్రచారం పొందింది.

రాజాస్థానాల నుండి ఈ ఆట ప్రజల్లోకి వచ్చి దశావతార గంజీఫాగా రూపుదిద్దుకొంది. ఇందులో విష్ణుమూర్తి అవతారాల పేరిట పది వర్గాలు ఉంటాయి. ఒక్కొక్క వర్గంలో రాజు, మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెల చీట్లు కలిపి పన్నెండు. మొత్తం 120. మత్స్యావతారానికి చేప, కూర్మావతారానికి తాబేలు, పరశురామునికి గొడ్డలి గుర్తులు. కనుక చదువురానివారు కూడ చీటిని చూచి పోల్చుకోగలిగేవారు.

ముగ్గురు కూర్చుండి, తలకు నలభై చీట్లు పంచుకొని ఆడతారు. పగలు ఆడినప్పుడు రాముని రాజు ఉన్నవాడు, రాత్రి ఆడినప్పుడు కృష్ణుని రాజు ఉన్నవాడు ఆట ప్రారంభిస్తాడు. ఇందులో తురుపు లేదు. సగం వర్గాలలో పది అంకె పెద్దది కాగా తక్కిన సగంలో ఒకటి పెద్దది. ఏ చీటి పడిపోయిందో, ఏది ఎవరి చేతిలో మిగిలిందో గుర్తుంచుకొన్నవాడిదే గెలుపు. కావున ఇది ప్రధానంగా జ్ఞాపకశక్తికి పరీక్ష.

సంపన్నుల కొరకు దంతంపై, తాబేటి చిప్పపై చీట్లు చిత్రించేవారు. సామాన్యుల కొరకు గుడ్డను గాని కాగితాన్ని గాని పొరలుగా అంటించి, గుండ్రంగా కత్తిరించి, రంగులు వేసి, లక్కపూత పూసేవారు. కొయ్యబొమ్మలకు పేరుగాంచిన తెలంగాణలోని నిర్మల్ కూడ ఇటువంటి చీట్లు తయారైన కేంద్రాలలో ఒకటి. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు ‘శ్రీతత్త్వనిధి’లో ఈ ఆటలకు ప్రత్యేక స్థానం కల్పించాడు.

పాశ్చాత్య దేశాల అచ్చు చీట్లు చౌకగా లభించడంతో గంజీఫాకు గడ్డుకాలం వచ్చింది. ఒక్కొక్క చీటినీ చేతితో చిత్రించే కళాకారుడు యంత్రంతో పోటీపడలేకపోయాడు. 120 చీట్ల కంటె 52 చీట్లను గుర్తుంచుకోవడం కూడ సులభమయింది. ఆడేవారు తగ్గగా చేసేవారూ తగ్గారు. మహారాష్ట్రలోని సావంతవాడి రాజదంపతులు 1970లలో పూనుకొని, మిగిలిన వృద్ధ కళాకారుల సాయంతో ఆ విద్యను నిలబెట్టారు. మైసూరు గంజీఫాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

నేడు గంజీఫా చీట్లు ప్రదర్శనశాలల్లో, సేకర్తల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. కొనేవారు వాటిని గోడకు అలంకరిస్తున్నారు. కాని అద్దాల బీరువాలోని చీటి తన ఆట నియమాలను తాను చెప్పలేదు. ఏది పెద్ద చీటి, ఎవరు ముందు ఆడాలి అనే సంగతులు ఒక తరం మరొక తరానికి పక్కన కూర్చోబెట్టుకొని నేర్పవలసినవే. బొమ్మను కాపాడడానికి లక్కపూత చాలు. ఆటను కాపాడడానికి ముగ్గురు మనుషులు కావాలి.