గడగడా చదివితే అర్థమైనట్టేనా?

పలమనేరు పక్కనున్న గంగవరం మండలంలో ఏ హైస్కూలు పిల్లవాణ్నైనా ఆపి, ఇంగ్లీషు ఎలా ఉందిరా అని అడగండి. ‘గ్రామర్ పర్వాలేదు సార్, ప్యాసేజీ అంటేనే భయం’ అంటాడు. మదనపల్లెలో అడిగినా, పుంగనూరులో అడిగినా, కుప్పంలో అడిగినా ఇంచుమించు ఇదే జవాబు. ఆ భయంలో పిల్లల తప్పు చాలా తక్కువ. ప్యాసేజీ ఎలా చదవాలో ఇంట్లోనూ బడిలోనూ ట్యూషన్‌లోనూ మనం చెప్పే సలహాల్లో చాలావాటికి ఆధారం లేదు. మనకు ఎవరో చెప్పారు, మనం పిల్లలకు చెబుతున్నాం. పదో తరగతి ఇంగ్లీషు పేపర్‌లో 100 మార్కులకు 30 మార్కులు చదివి అర్థం చేసుకునే భాగానివే. పైగా 2024-25 నుంచి రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. సైన్సూ సోషలూ కూడా ఇంగ్లీషులోనే చదివే పిల్లవాడికి ఈ నైపుణ్యం రాకపోతే దెబ్బ ఒక్క సబ్జెక్టుతో ఆగదు. అందుకే ఒక్కో నమ్మకాన్నీ పట్టుకుని చూద్దాం.

అపోహ: తడబడకుండా గడగడా చదివితే అర్థమైనట్టే.

నోటితో చదవడం ఒక పని, అర్థం చేసుకోవడం ఇంకో పని. పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే ‘అసర్’ సర్వే ఇంగ్లీషు పరీక్ష పెట్టినప్పుడు వాక్యం చదివించి ఊరుకోదు. చదివినదానికి అర్థం నీ భాషలో చెప్పమని అడిగి, ఆ లెక్క వేరుగా రాసుకుంటుంది. అలా వేరు చేయడానికి కారణం ఉంది. క్లాసులో లేచి నిలబడి చదివే పిల్ల ధ్యాసంతా పలకడం మీదే ఉంటుంది. ఎక్కడ తప్పు పోతుందో, ఎవరు నవ్వుతారో అని మనసు అటే లాగుతుంది. చివరి వాక్యం అయ్యేసరికి మొదటి వాక్యం గుర్తుండదు. చిన్న క్లాసుల్లో పైకి చదివించడం అవసరమే, అక్షరానికీ శబ్దానికీ లంకె అక్కడే పడుతుంది. ఎనిమిది, తొమ్మిది క్లాసులకు వచ్చాక మాత్రం ముందు మనసులో చదవనివ్వాలి. తర్వాత పుస్తకం మూయించి, ‘ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమ్మా’ అని అడగాలి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని తల్లిదండ్రులు కూడా పెట్టగలిగిన పరీక్ష ఇది. పిల్ల చెప్పే కథలో అతుకు కుదరకపోతే వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: ప్రశ్నలో ఉన్న మాటను ప్యాసేజీలో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తే చాలు.

మార్కుల కోసం ఎక్కువగా నేర్పే చిట్కా ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఈ వాక్యం చూడండి: ‘లొంకాడు నిన్న పొద్దున చెరువుగట్టు మీద మూడు తిరకలను బొగిలాడు.’ ఇప్పుడు ప్రశ్నలు. తిరకలను ఎవరు బొగిలారు? లొంకాడు. ఎక్కడ? చెరువుగట్టు మీద. ఎన్నింటిని? మూడింటిని. మూడుకి మూడు మార్కులూ వచ్చాయి. తిరక అంటే ఏమిటో, బొగలడం అంటే ఏమిటో నాకూ తెలియదు, మీకూ తెలియదు, ఎందుకంటే ఆ మాటలు తెలుగులో లేవు. ‘ఎందుకు బొగిలాడు?’ అని నాలుగో ప్రశ్న అడిగితే చిట్కా అక్కడితో ఆగిపోతుంది.

పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ‘మేడమ్ రైడ్స్ ది బస్’ అని ఒక పాఠం ఉంది. వల్లికణ్ణన్ తమిళంలో రాసిన కథకు అనువాదం. వల్లి అనే ఎనిమిదేళ్ల పిల్ల మిఠాయిలూ బొమ్మలూ మానుకుని 60 పైసలు కూడబెట్టి, అమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఒంటరిగా బస్సెక్కి టౌను చూసొస్తుంది. వెళ్లేటప్పుడు ఒక పడుచు ఆవు తోక పైకెత్తి బస్సు ముందు పరుగెడుతుంటే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతుంది. వచ్చేటప్పుడు అదే ఆవు రోడ్డు పక్కన చచ్చి పడి ఉంటుంది. ఆ తర్వాత వల్లి కిటికీలోంచి బయటికి చూడాలనుకోదు. ఎందుకు చూడాలనుకోలేదు? చచ్చిన ఆవు గుర్తొస్తూ ఉండటం వల్లనని కథే చెబుతుంది, కానీ పూర్తి జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ దొరకదు. అంతకుముందరి నవ్వునూ ఈ మౌనాన్నీ పక్కపక్కన పెట్టుకున్న పిల్లకే తడుతుంది. కథ చివర అమ్మ మాటకు వల్లి ఎందుకు నవ్విందో కూడా అంతే. ఆ నవ్వు వెనకున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, పాఠకుడికి తెలుసు. పలమనేరు బస్సుల్లో రోజూ కిటికీ పక్క సీటు కోసం పోటీపడే మన పిల్లలకు ఈ కథ ఇట్టే పట్టుబడాలి. గైడులో అచ్చేసిన జవాబు బట్టీ పట్టిస్తే ఆ అవకాశం వాళ్లకు దక్కదు.

అపోహ: తెలియని ప్రతి మాటకూ అర్థం రాసుకోవాలి.

పాఠం పైన పెన్సిల్‌తో చీమల బారుల్లా తెలుగు అర్థాలు రాసి ఉన్న పుస్తకాలు ప్రతి క్లాసులోనూ కనిపిస్తాయి. ఇంత కష్టపడ్డా అర్థం కాలేదంటే, ఆ పాఠం ఆ పిల్లవాడి స్థాయికి మించిందని గ్రహించాలి. హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా కథ అర్థం కావాలంటే వంద మాటల్లో దాదాపు 98 ముందే తెలిసి ఉండాలి. అప్పుడే మిగతా రెండింటినీ చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి ఊహించగలం. వందకు ఇరవై తెలియనప్పుడు ‘సందర్భాన్ని బట్టి ఊహించు’ అని చెప్పడం పిల్లవాణ్ని ఏడిపించడమే.

మరి దారేమిటి? తేలికైనవి ఎక్కువగా చదవడం. దీనికి మంచి సాక్ష్యం ఫిజీ దీవుల్లో ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో కూలి ఓడలెక్కి అక్కడికి వెళ్లినవాళ్లలో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు చాలామంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు ప్రాంతం ఆ జిల్లాలోదే. ఆ ఫిజీ పల్లె బడుల్లో, ఇంగ్లీషు ఇంటి భాష కాని భారత సంతతి పిల్లలూ ఫిజియన్ పిల్లలూ చదివే నాలుగు, ఐదు తరగతుల్లో, ఎలీ, మంగుభాయ్ అనే పరిశోధకులు ఒక ప్రయత్నం చేశారు. కొన్ని క్లాసులకు సుమారు 250 బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చి రోజూ చదివించారు. మిగతా క్లాసుల్లో మామూలు పాఠాలే సాగాయి. పుస్తకాలు అందిన పిల్లలు చదవడంలోనూ విని అర్థం చేసుకోవడంలోనూ రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడాదికి ఆ లాభం గ్రామర్‌కూ రాతకూ పాకింది. 1983లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. గ్రామర్ పూర్తయ్యాకే చదవడం మొదలుపెట్టాలనే వాళ్లు ఈ చివరి సంగతి ప్రత్యేకంగా గమనించాలి.

గ్రామర్ అక్కర్లేదని దీనర్థం కాదు. మన పిల్లలు బోల్తాపడే చోటు ఒకటి చెబుతాను. ‘ది ఫార్మర్ హూ సోల్డ్ ది కౌ టు మై అంకుల్ ఈజ్ ఫ్రమ్ పుంగనూర్.’ పుంగనూరు మనిషి ఎవరని అడగండి. అంకుల్ అని చాలామంది అంటారు. వాక్యంలో పుంగనూరుకు దగ్గరగా ఉన్న మనిషి ఆయనే కదా! మనం ‘మా మామకు ఆవునమ్మిన రైతు’ అని వివరమంతా ముందు చెప్పి మనిషిని చివర పెడతాం. ఇంగ్లీషు మనిషిని ముందు పెట్టి వివరాన్ని వెనక తగిలిస్తుంది. ఈ తేడాను బోర్డు మీద రెండు వాక్యాలూ రాసి ఒక్కసారి చూపిస్తే, పది పేజీల ఖాళీలు పూరించినా రాని ప్రయోజనం ఉంటుంది. ఇక్కడ మాటలన్నీ పిల్లలకు తెలిసినవేనని కూడా గమనించండి. నిఘంటువు తిరగేసినా ఈ చిక్కు విడదు.

అపోహ: ఇంగ్లీషు చదివేటప్పుడు తెలుగులో ఆలోచించకూడదు.

ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. గంగవరం చుట్టుపక్కల పిల్లలు ఇంట్లో తెలుగో దక్కనీ ఉర్దూనో మాట్లాడుతూ, సంతలో తమిళమూ కన్నడమూ వింటూ పెరుగుతారు. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన బలం. క్లాసులో అడుగుపెట్టగానే ఆ బలాన్ని గుమ్మం బయట వదిలేయమంటున్నాం. తెలుగులో బాగా చదవగలిగిన పిల్లకు కథలో కారణం వెతకడం, ముందేం జరుగుతుందో ఊహించడం, ముఖ్యమైనదీ కానిదీ వేరుచేయడం అప్పటికే వచ్చి ఉంటాయి. వాటిని ఇంగ్లీషు కోసం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. జిమ్ కమిన్స్ అనే భాషావేత్త 1979 నుంచీ చెబుతున్నది ఇదే. కాబట్టి తెలుగు కథల పుస్తకం చదివే పిల్ల టైము వృథా చేస్తోందని కసురుకోకండి.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు తన ‘జనగణమన’ను బెంగాలీ నుంచి ఇంగ్లీషులోకి మార్చారు. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టుకుని పని చేసిన మహాకవి మన పక్క ఊళ్లోనే ఉండి వెళ్లారు. ఆ ఊరి పిల్లలకు మాతృభాషే అడ్డమని చెప్పడం అన్యాయం. ఒక్క జాగ్రత్త చాలు. ప్రతి మాటకూ తెలుగు మాట పేర్చవద్దు, పేరా మొత్తం చదివాక దాని సారం తెలుగులో చెప్పించండి.

అపోహ: చదవడం వచ్చినవాడు ఏ విషయం మీద ప్యాసేజీ ఇచ్చినా చదివేస్తాడు.

అమెరికాలో 1979లో కొందరు పరిశోధకులు భారతీయులకూ అమెరికన్లకూ రెండేసి ఉత్తరాలు ఇచ్చారు. ఒకదాంట్లో మన పెళ్లి, ఇంకోదాంట్లో వాళ్ల పెళ్లి. ఎవరి పెళ్లిని వాళ్లు వేగంగా చదివారు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అమెరికన్ పెళ్లికూతురు తన అమ్మమ్మ పెళ్లినాటి గౌను వేసుకుందని చదివి ఒక భారతీయ పాఠకురాలు, పాపం పాత ఫ్యాషన్ బట్టలు కట్టుకుందని అర్థం చేసుకుంది. అక్కడ అది గౌరవం. ఆమెకు ఇంగ్లీషు రాక కాదు, ఆచారం తెలియక పొరబడింది.

ఇప్పుడు ప్యాసేజీ పట్టుపురుగుల మీద వచ్చిందనుకోండి. ఇంట్లో మల్బరీ తోట ఉన్న పిల్లవాడికి పురుగు నాలుగు జ్వరాలు, అంటే చర్మం వదిలే దశలు, దాటుతుందనీ, జ్వరంలో ఆకు ముట్టదనీ, చర్మం వదిలాక ఒక్కసారిగా ఎంత మేస్తుందో తెలుసు. ఇంగ్లీషు మాట తెలియకపోయినా విషయం పట్టేస్తాడు. అదే పిల్లవాడు సముద్రపు ఆటుపోట్ల మీద ప్యాసేజీ ఇస్తే తికమకపడతాడు. రెండు ప్యాసేజీల మధ్య వాడి ఇంగ్లీషు ఏమీ తగ్గలేదు. అందుకే సైన్సు, సోషల్, తెలుగు వార్తాపత్రిక, రైతు బజారులో విన్న కబుర్లు, ఇవన్నీ ఇంగ్లీషు ప్యాసేజీకి తయారీయే.

అపోహ: రోజూ ఇంగ్లీషు పేపర్ సంపాదకీయం చదివితే వచ్చేస్తుంది.

సివిల్స్‌కు చదివే అన్నకు పనికొచ్చే సలహా ఇది. తొమ్మిదో తరగతి పిల్లకు పైన చెప్పిన, వందకు ఇరవై మాటలు తెలియని పరిస్థితే ఎదురవుతుంది. పేపర్ కావాలంటే క్రికెట్ వార్తతో మొదలుపెట్టనివ్వండి. నిన్నటి మ్యాచ్ చూసింది కాబట్టి సగం సంగతి ముందే తెలుసు.

అపోహ: టెన్త్‌కు వచ్చిన పిల్ల కింది క్లాసు పుస్తకం చదవడం నామోషీ.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి చూడండి. కార్డుల మెట్లు ఉంటాయి. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి పైకి వెళుతుంది. పక్కవాడు వేరే కార్డు చేస్తున్నా ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఈ పద్ధతిని దేశంలో ఎన్నో రాష్ట్రాలు తీసుకున్నాయి. మన హైస్కూళ్లలో మాత్రం ఆరో తరగతి ఇంగ్లీషు పుస్తకం తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో కనిపిస్తే తోటివాళ్లు నవ్వుతారు. ఆ నవ్వును ఆపాల్సింది టీచరే.

పుస్తకాలు కొనలేమనే మాట కూడా ఇప్పుడు అంతగా నిలవదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’లో మెట్లవారీగా కథలున్నాయి. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, రూపాయి ఖర్చు లేదు. ముందు తెలుగులో ఒక కథ, మర్నాడు అదే కథ ఇంగ్లీషులో. నాన్న ఫోన్ రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట దొరికితే సరిపోతుంది. పరీక్షలో కూడా ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చేది ఆ 15 నిమిషాలే. ఆ టైములో జవాబులు గుర్తు తెచ్చుకుంటూ కూర్చోకుండా ముందు చూడని ప్యాసేజీని ఒకసారి పూర్తిగా, పెన్ను ముట్టకుండా చదివేయమని పిల్లలకు చెప్పండి.