గుర్రపు ప్రేగు మనకు నేర్పే పథ్యం

గడ్డి తినే జంతువులన్నీ నెమరువేయవు. ఆవు తన నాలుగు గదుల పొట్టలో గడ్డిని పులియబెట్టి నెమరువేస్తుంది. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. అది తిన్న గడ్డిలోని పీచు చిన్నప్రేగును దాటిన పిమ్మట, అంధనాళమనే పెద్దసంచిలోను, పెద్దప్రేగులోను పులుస్తుంది. సుమారు 30 లీటర్లు పట్టే ఆ సంచిలో సూక్ష్మజీవులు పీచును ఆమ్లాలుగా మార్చి గుర్రానికి శక్తినిస్తాయి. కుందేలు అంధనాళం నుండి వెలువడే మెత్తని ఉండలను తిరిగి తిని, వాటిలోని మాంసకృత్తులను, విటమిన్లను గ్రహిస్తుంది. మాంసాహారియైన పిల్లికి అంధనాళం మిక్కిలి చిన్నది.

మనిషి పెద్దప్రేగు పొడవు దాదాపు 1.5 మీటర్లు. అక్కడ కూడా సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి ప్రేగు గోడలకు పోషణనిస్తాయి. ఈ పక్వాశయాన్నే ఆయుర్వేదం వాతానికి ముఖ్యస్థానమని చెప్పింది. అందుచేత మలబద్ధకాన్ని అలక్ష్యం చేయరాదనీ, అలాగని నిత్యం విరేచనపు మందులపై ఆధారపడరాదనీ నేను చెబుతుంటాను.

దంపుడు బియ్యం, పొట్టుపప్పులు, ఆకుకూరలు, గోరుచిక్కుడు, జామపండు, తగినంత నీరు మేలుచేస్తాయి. అయితే పీచును క్రమంగా పెంచాలి. మేతను హఠాత్తుగా మారిస్తే గుర్రానికి ప్రాణాంతకమైన కడుపునొప్పి రావచ్చును. సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడేందుకు వ్యవధి కావాలి. మనకు అంత ప్రమాదం లేకున్నా, తొందరపడితే కడుపుబ్బరం తప్పదు.

మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గుట, విసర్జనలో కొత్తగా వచ్చి వదలని మార్పు కనిపించినచో గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని సంప్రదించండి.