పురిటి నొప్పులు మొదట్లోనే ఎపిడ్యూరల్ అడగొచ్చా? ముందే తెలుసుకోవాల్సినవి ఇవే

‘ఇంకా మూడు సెంటీమీటర్లే తెరుచుకుంది, అప్పుడే ఇంజెక్షన్ ఎందుకమ్మా?’ లేబర్ రూమ్‌లో ఈ మాట చాలామంది వింటుంటారు. తొందరపడి ఎపిడ్యూరల్ తీసుకుంటే కాన్పు ఆగిపోతుందని, చివరికి ఆపరేషన్ చేయాల్సి వస్తుందని భయం. ఇందులో నిజమెంత?

ఎపిడ్యూరల్ అంటే ఏంటి?

మత్తు డాక్టర్ నడుము దగ్గర, వెన్నుపాము పొర బయట ఉండే ఖాళీలోకి సూదితో సన్నని గొట్టం పంపి, సూది తీసేస్తారు. ఆ గొట్టం ద్వారా తక్కువ మోతాదులో మత్తు మందు ఇస్తారు. సాధారణంగా 10 నుంచి 20 నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. మీరు మెలకువగానే ఉంటారు. అవసరమైతే అదే గొట్టం ద్వారా సిజేరియన్‌కూ మత్తు ఇవ్వొచ్చు.

ముందే ఇస్తే సిజేరియన్ అవుతుందా?

కాదు. 15 వేలమందికి పైగా గర్భిణులపై జరిగిన అధ్యయనాలను కోక్రేన్ సంస్థ 2014లో సమీక్షించింది. గర్భాశయ ముఖద్వారం 4-5 సెంటీమీటర్లు తెరుచుకోకముందే ఎపిడ్యూరల్ ఇచ్చినా, ఆ తర్వాత ఇచ్చినా సిజేరియన్ల రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. నొప్పి తగ్గించమని కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు ఎపిడ్యూరల్ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సు చేసింది. అయితే వచ్చినవి అసలు నొప్పులేనని డాక్టర్ నిర్ధారించాకే ఇస్తారు.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ కేవలం నొప్పి భయంతో ఆపరేషన్ కోరుకునేవారు ముందుగా ఈ మార్గం గురించి అడగాలి.

ఇబ్బందులు ఉండవా?

బీపీ తగ్గడం, దురద, వణుకు, జ్వరం, కాళ్లు బరువెక్కడం, మూత్రం రాకపోవడం ఉండొచ్చు. బిడ్డను బయటకు నెట్టే దశ కొంత ఎక్కువసేపు పట్టొచ్చు. సుమారు వందమందిలో ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. ఎపిడ్యూరల్ వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందనడానికి ఆధారాలు లేవు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి, సూది వేసే చోట ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి ఇది సరిపడకపోవచ్చు.

ఎక్కడ దొరుకుతుంది?

మత్తు డాక్టర్, నిరంతర పర్యవేక్షణ ఉన్నచోటే ఇది సాధ్యం. అందుకే అన్ని ఆస్పత్రుల్లోనూ ఉండదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు ఉచితం.

ఎనిమిదో నెల చెకప్‌లోనే ఇవి అడగండి:

- ఇక్కడ ఎపిడ్యూరల్ ఇస్తారా? రాత్రిపూట, సెలవు రోజుల్లో మత్తు డాక్టర్ ఉంటారా?
- ప్రైవేట్ అయితే ప్యాకేజీలోనే ఉందా, విడిగా బిల్లు వేస్తారా?
- నా ఆరోగ్య పరిస్థితికి ఇది సరిపోతుందా?

ఎపిడ్యూరల్ లేకపోతే?

నడవడం, నడుముకు మసాజ్, శ్వాస వ్యాయామాలు, కొన్నిచోట్ల పీల్చే గ్యాస్ లేదా నొప్పి ఇంజెక్షన్లు ఉంటాయి. ప్రసవ సమయంలో మీకు నచ్చిన ఒకరిని తోడుగా ఉంచాలని కేంద్ర ప్రభుత్వ ‘లక్ష్య’ కార్యక్రమం చెబుతోంది, ఆ సంగతి కూడా ముందే అడగండి. ఎపిడ్యూరల్ తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం మీదే. వద్దనుకున్నా తప్పు లేదు, కావాలని అడిగినా తప్పు లేదు.