బోల్తా పడ్డ బండిని ఎవరు మోస్తారు?

చింతలపూడి నుంచి ఏలూరు వైపు ఎప్పుడు బయల్దేరినా దారిలో ట్రాక్టర్లు తగులుతూనే ఉంటాయి. ఒకదాని ట్రక్కులో ఆయిల్‌పామ్ గెలలు, ఇంకోదానిలో మొక్కజొన్న బస్తాలు. చాలావాటికి డ్రైవరు నెత్తిన రేకు టాపు ఉంటుంది. ఊళ్లో వెల్డింగ్ షాపువాళ్లు నాలుగు పైపులు నిలబెట్టి, పైన రేకు బిగించి, రంగు వేసి ఇస్తారు. ఎండకూ వానకూ అది చాలు. చిక్కల్లా ఆ నాలుగు కాళ్లను చూసి, బండి తిరగబడినా ఇవి ఆపుతాయిలే అనుకోవడంలోనే ఉంది. అదే ధీమాతో పాత జీపులోనో కారులోనో పైపుల పంజరం కట్టించుకోవాలని సరదాపడే కుర్రాళ్లూ ఉన్నారు. రేసు కార్లలో కనిపించే ఆ పంజరాన్ని రోల్ కేజ్ అంటారు. చూడటానికి రెండూ వంచిన పైపులే. ఒకటి రేకును మోస్తుంది, రెండోది తలకిందులైన బండిని మోయాలి.

ఒకటిన్నర సెకను

ట్రాక్టరు రెండు రకాలుగా తిరగబడుతుంది. మొదటిది పక్కకు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద మేత బస్తాలతో వెళ్లే ట్రాక్టరుకు ఒక చక్రం గట్టు అంచు దిగితే చాలు. ట్రాక్టరు నేలకు బాగా ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని గురుత్వ కేంద్రమూ ఎత్తులోనే ఉంటుంది. ఆ కేంద్రం నుంచి నిలువుగా కిందికి గీసిన గీత చక్రాల మధ్య జాగా దాటి బయట పడిందంటే ఇక ఆ బండి ఆగదు.

రెండోది వెనక్కి. దమ్ము చేసే పొలంలో దీని భయం ఎక్కువ. ఇంజను వెనక ఇరుసును తిప్పుతుంది, చక్రం కదిలితే బండి ముందుకు పోతుంది. బురదలో కూరుకుపోయిన చక్రం కదలనని మొరాయిస్తే ఆ బలం ఎక్కడికీ పోదు. ఇరుసు తిరగలేదు కాబట్టి ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. లేవడం మొదలయ్యాక ముప్పావు సెకను దాటితే క్లచ్ తొక్కినా ఫలితం ఉండదనీ, దాదాపు ఒకటిన్నర సెకనులో బండి పూర్తిగా వెల్లకిలా పడుతుందనీ నిపుణుల లెక్క. దిగబడ్డ చక్రానికి అడ్డంగా దుంగ కట్టి ఇంజను రేజ్ చేయడం, గొలుసును కింద డ్రాబార్‌కు కాకుండా పైన టాప్‌లింక్ దగ్గర తగిలించి లాగడం ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే.

ఎంత బరువు మోయాలి?

తిరగబడ్డ ట్రాక్టరు కింద డ్రైవరు నలగకుండా ఆపే చట్రాన్ని రోప్స్ అంటారు. దీన్ని పరీక్షించడానికి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ నియమావళి ఉంది. పక్క నుంచి నొక్కినప్పుడు ఆ చట్రం ట్రాక్టరు బరువులో కిలోకు 1.75 జౌళ్ల చొప్పున శక్తిని పీల్చుకోవాలి. పై నుంచి నొక్కినప్పుడు కిలోకు 20 న్యూటన్ల బలాన్ని తట్టుకోవాలి. 2 టన్నుల ట్రాక్టరుకు లెక్కేస్తే పక్క నుంచి 3500 జౌళ్లు, పై నుంచి 40,000 న్యూటన్లు. అంటే నెత్తిన 4 టన్నులకు పైగా బరువు పెట్టినా డ్రైవరు కూర్చునే జాగాలోకి చట్రం చొచ్చుకు రాకూడదు. కార్ల రేసులకు నిబంధనలు పెట్టే ఎఫ్‌ఐఏ ఇంకా గట్టిది. కొత్త డిజైనుతో కేజ్ తయారు చేస్తే, కారు బరువుకు 150 కిలోలు కలిపి ఆ మొత్తానికి ఏడున్నర రెట్ల బరువు మోపుతారు. అప్పుడు ప్రధాన కమాను 50 మిల్లీమీటర్లకు మించి కుంగకూడదు.

కొద్దిగా కుంగడానికి ఒప్పుకుంటున్నారంటే కారణం ఉంది. పల్టీ కొట్టే బండిలో ఉన్న శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఉక్కు వంగుతూ ఆ శక్తిని మింగుతుంది. వంగకుండా పుటుక్కున విరిగే లోహం దాన్ని మింగలేదు, లోపల ఉన్న మనిషికే వదిలేస్తుంది.

పైపు సంగతి

షాపులో సులభంగా దొరికేది నీళ్ల కోసం తయారైన జీఐ పైపు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి ఆవిరై అతుకులో బుడగలు మిగులుస్తుంది. ఆ పొగ పీల్చిన వెల్డరుకు జ్వరం కూడా వస్తుంది. ఎఫ్‌ఐఏ అడిగేది చల్లగా లాగి తీసిన, కుట్టు లేని కార్బన్ ఉక్కు పైపు. చదరపు మిల్లీమీటరుకు కనీసం 350 న్యూటన్ల బలం, కార్బన్ 0.3 శాతం మించకూడదు. కార్బన్ ఎక్కువైతే వెల్డింగ్ పక్కన లోహం గట్టిపడి పెళుసుబారుతుంది. ప్రధాన కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50 వ్యాసం, 2 మందం ఉండాలి.

మందం కన్నా వ్యాసానికి అంత పట్టింపు ఎందుకంటే, లోహం మధ్యరేఖకు ఎంత దూరంగా ఉంటే వంపును అంత గట్టిగా ఎదిరిస్తుంది. మందం అంతే ఉంచి 38 మిల్లీమీటర్ల పైపు బదులు 45 వాడితే బరువు ఐదో వంతు పెరుగుతుంది. వంగకుండా నిలిచే బిగువు మాత్రం 70 శాతం పెరుగుతుంది.

వంపు తీయడంలోనూ తేడా ఉంది. పైపులో ఇసుక కూరి, ఎర్రగా కాల్చి వంచడం పాత పద్ధతి. కాలిస్తే చల్లగా లాగినప్పుడు వచ్చిన బలం పోతుంది. అందుకే వేడి చేయకుండా యంత్రంతోనే వంచాలన్నది నియమం. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. లోపలి అంచున ముడత పడితే బరువు పడ్డ రోజున పైపు అక్కడే మడత పడుతుంది.

మూల నుంచి మూలకు

నాలుగు నిలువు కాళ్లు, పైన నలుచదరం. టాపు ఆకారం ఇదే. కోళ్లు వదులైన నులకమంచాన్ని పక్కకు తోస్తే ఎలా ఒరుగుతుందో ఈ చదరమూ అలాగే ఒరుగుతుంది. చతురస్రం అతుకుల బలం మీద మాత్రమే నిలుస్తుంది, త్రిభుజం భుజాల పొడవు మారితే తప్ప ఆకారం మార్చుకోదు. అందుకే రోల్ కేజ్‌లో సీటు వెనక కమానుకు మూల నుంచి మూలకు ఐమూలగా ఒక పైపు పడుతుంది. కమాను వెనక్కి పడిపోకుండా రెండు పైపులు ఏటవాలుగా దిగి నేలకు తన్ని నిలబడతాయి. ఖర్చనో, వెనక సీటుకు అడ్డమనో సొంతంగా కట్టించుకునేవాళ్లు ముందుగా తీసేయించేది ఈ ఐమూల పైపునే.

అతుకు, పాదం

కారులో కేజ్ కట్టేవాళ్లకు అసలు తలనొప్పి కప్పు కింద మొదలవుతుంది. పైపు చుట్టూ పూర్తిగా వెల్డింగ్ పడాలి. కానీ పైపు పైభాగానికీ కప్పు రేకుకూ మధ్య వేలు కూడా దూరదు, ఇక టార్చి ఎక్కడ దూరుతుంది? తెలిసిన పనివాళ్లు కాళ్లు దిగే చోట కారు నేలకు కన్నాలు కోస్తారు. లోపల పైపులను టాకాలతో నిలిపి, కేజ్ మొత్తాన్ని ఆ కన్నాల్లోంచి కిందికి దింపుతారు. పైన చోటు దొరుకుతుంది, అతుకు చుట్టూ పోస్తారు. తరువాత కేజ్‌ను పైకెత్తి, కన్నాల మీద మందపాటి ప్లేట్లు వేసి కాళ్లను వాటి మీద నిలబెడతారు. తెలియనివాళ్లు కనబడే సగానికే వెల్డింగ్ పెట్టి, మిగతాది రంగుతో కప్పేస్తారు.

ఆ ప్లేట్లతో ఇంకో అవసరమూ ఉంది. కారు నేల రేకు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. టన్నుల బరువు ఒక్క పైపు అంచు మీద పడితే కాలు రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది. అందుకే ఒక్కో కాలి కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ప్లేటు ఉండాలి.

మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో 2007లో మొదలైన బాహా ఎస్‌ఏఈ ఇండియా అనే విద్యార్థుల బండ్ల పోటీలకు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల జట్లు కూడా సొంతంగా బండ్లు కట్టి తీసుకెళ్తాయి. కేజ్‌తో పాటు అదే వెల్డరు, అదే పైపుతో చేసిన నమూనా అతుకులు చూపాలి. ఒకదాన్ని విరగ్గొట్టి, ఒకదాన్ని అడ్డంగా కోసి లోహం లోపలి దాకా కరిగి కలిసిందా అని చూస్తారు. పైపుకు చిన్న రంధ్రం పెట్టి మందం కొలుస్తారు. ఇంట్లో కట్టినా పరీక్షకు నిలబడాలన్నది అక్కడి పద్ధతి.

పంజరంలో తల

ఇన్ని చేసినా బెల్టు లేకపోతే కేజ్ శత్రువే. పల్టీలో మనిషి విసురుగా కదిలి పైపుకు గుద్దుకుంటాడు, లేదా బయట పడి చట్రం కిందికే వెళ్తాడు. రేసు డ్రైవరుకు హెల్మెట్, సీటుకు కట్టిపడేసే బెల్టులు, తల దగ్గరి పైపుకు మెత్త ఉంటాయి. సంతకు వెళ్లే కారులో హెల్మెట్ ఎవరూ పెట్టుకోరు. చిన్న గుద్దుకే తల ఉక్కు పైపుకు తగులుతుంది. దానికి తోడు చట్టమూ ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రోజూ తిరిగే కారుకు కేజ్ వద్దన్నదే విజ్ఞానం చెప్పే మాట.

ట్రాక్టరు సంగతి వేరు. కొత్త ట్రాక్టర్లకు రోప్స్ ఉండాలని స్వీడన్ 1959లోనే నియమం పెట్టి, తరువాత పాతవాటికీ విస్తరించింది. అక్కడ బోల్తా మరణాలు దాదాపు ఆగిపోయాయి. మన కంపెనీలు ఎగుమతి చేసే ట్రాక్టర్లకు దీన్ని బిగిస్తాయి, ఇక్కడ అమ్మేవాటిలో చాలావాటికి ఉండదు. కొనేటప్పుడు అడిగి చూడాలి. ఆయిల్‌పామ్ తోటలో మట్టలు తగులుతాయనుకుంటే మడిచే రకమూ ఉంది. రోప్స్ నిలబెట్టి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోవాలి. మడిచినప్పుడు, అసలు లేనప్పుడు పెట్టుకోకూడదు, బెల్టు మనిషిని బండి కిందే పట్టి ఉంచుతుంది.

వెల్డింగ్ షాపులో పైపు గేజు ఎంతని అందరూ అడుగుతారు. దాంతోపాటు ఈ చట్రాన్ని ఎంత బరువుకు పరీక్షించారని కూడా అడగాలి. జవాబు లేకపోతే అది టాపే. ఎండకు దాన్ని వాడుకోవచ్చు, చెరువు గట్టు మీద మాత్రం నెత్తిన ఏమీ లేనట్టే బండి నడపాలి.