బెదురు కుక్కపిల్లకు తాత్కాలిక గూడు

కొరాపుట్ పీఠభూమిపై చలి ముదిరే మార్గశిర, పుష్య మాసాలలోనే వీధికుక్కల ఈతలు ఎక్కువగా కనిపిస్తాయి. సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడలలో తెల్లవారుజామున మంచు కమ్ముకొని ఉండగా, టీకొట్ల పొయ్యి బూడిదలో, రోడ్డు కింది తూములలో, సగం కట్టి వదిలేసిన ఇళ్లలో కూనలు ఒకదానిపై ఒకటి ముడుచుకొని పడుకుంటాయి. నాగావళి ఒడ్డున ఉన్న రాయగడలో చలి కాస్త తక్కువే కాని, రైల్వేస్టేషను దారిలోను, లారీలు ఆగే చోట్లను చక్రాల ముప్పు ఎక్కువ. ఇలా పుట్టిన పిల్లలలో ఎన్ని బతుకుతాయన్న ప్రశ్నకు పశ్చిమ బెంగాల్‌లో జరిగిన ఒక అధ్యయనం సమాధానం ఇచ్చింది. కోల్‌కతా ఐసర్ శాస్త్రజ్ఞులు ఐదేళ్లపాటు 95 ఈతలలో పుట్టిన 364 పిల్లలను గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఈడుకు వచ్చేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. మరణాలలో నూటికి 63 వంతులకు ఏదో ఒక రూపంలో మనుషులే కారకులు.

ఈ స్థితిని చూడలేక కూనను ఇంటికి తెచ్చుకొనేవారు రెండు జిల్లాలలోను ఉన్నారు. శాశ్వతంగా పెంచుకొనే వీలు లేకపోయినా, కొన్ని వారాలు సాకి, మంచి ఇల్లు చూసి అప్పగించడాన్ని తాత్కాలిక పెంపకం అంటున్నారు. పెద్ద జంతు సంరక్షణ సంస్థ అనగానే సరిహద్దువాసులకు గుర్తుకు వచ్చేది 1996లో విశాఖపట్నంలో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం. కాని విశాఖ చేరాలంటే ఘాట్ రోడ్డు దిగాలి. రెండు నెలల కూనకు అది చిన్న ప్రయాణం కాదు. కనుక ఇక్కడ ఆశ్రమమైనా, ఆసుపత్రి వార్డైనా ఎవరో ఒకరి వసారాయే.

అయితే కనిపించిన ప్రతి కూనా అనాథ కాదు. తల్లి తిండి వెతుక్కుంటూ గంటల తరబడి దూరంగా ఉండడం మామూలే. కాసేపు దూరాన నిలబడి చూడాలి. తల్లి తిరిగి వస్తున్నట్లయితే దానికే తిండి పెట్టి, గూడు దగ్గర ఒక గోనెసంచి పరిచి రావడం మేలు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి, తోడబుట్టినవాటి నుంచి విడదీసిన పిల్లకు తరువాత ఎంత ముద్దు చేసినా కొన్ని కొరతలు తీరవు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి పుడుతుందో అది నేర్చుకొనేది తోబుట్టువుల ఆటలోనే.

భయానికి ఒక గడువు ఉంది

తెచ్చిన పిల్లలలో చురుకైనవి నాలుగు రోజుల్లో ఇల్లంతా తమదే అన్నట్లు తిరుగుతాయి. ఎవరో ఒకరు వచ్చి వాటిని తీసుకుపోతారు కూడా. చిక్కంతా మంచం కింద మూలకు చేరి, మనిషి అడుగు వినగానే వణికిపోయే పిల్లతోనే. దీనిని చాలామంది మొండితనం అనుకుంటారు, కొందరు ‘జాతి తక్కువ’ అని కొట్టిపారేస్తారు. రెండూ పొరపాటే.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ పరిశోధనాలయంలో 1950లలోను, 60లలోను కుక్కపిల్లల పెరుగుదలపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. మనుషుల స్పర్శ లేకుండా కంచె వేసిన ఆవరణలో పెంచిన పిల్లలపై ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే శాస్త్రజ్ఞుల వ్యాసం 1961లో వెలువడింది. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు కుక్కపిల్ల మనసు తలుపులు తెరిచి ఉంటాయని, పద్నాలుగు వారాలదాకా మనిషిని ఎరగని పిల్ల ఆ తరువాత మనిషిని నమ్మడం చాలా కష్టమని ఆ పరిశోధనల సారాంశం. తూములో పుట్టి, మనుషులంటే రాళ్లు విసిరేవారే అని ఆ తొలి వారాలలో నేర్చుకున్న పిల్లకు బెదురు సహజం. తల్లి బెదురుగొడ్డు అయితే అది కొంత రక్తంలోనూ వస్తుంది.

ఇందువల్ల తాత్కాలిక పెంపకందారుకు ఉన్నది నెలల వ్యవధి కాదు, వారాల వ్యవధి. రెండు నెలల వయసులో దొరికిన పిల్లకు మిగిలినది నాలుగైదు వారాలే. గడువు దాటిన పిల్ల బాగుపడదని దీని అర్థం కాదు. రోజులలో అయ్యే పని నెలలకు పెరుగుతుంది, కొంత బెదురు జీవితాంతం మిగిలిపోతుంది. కుక్క తోక వంకర అన్న సామెత ఇక్కడ సగమే నిజం.

పిలవకుండా పిలవడం

మొదటి మూడు నాలుగు రోజులు పిల్ల జోలికి పోకపోవడమే పెద్ద సేవ. జనం తిరగని మూల ఒకటి చూసి, ఒక వైపు తెరిచిన అట్టపెట్టెలో గోనెసంచి, పాత చీర పరిస్తే అది గుహ అవుతుంది. పక్కనే నీళ్లు పెట్టాలి. పెరట్లో గొలుసుతో కట్టివేయడం మాత్రం తగదు. పారిపోయే దారి లేని పిల్లకు భయం రెట్టింపవుతుంది, ఆ భయమే ఒకనాటికి కాటుగా మారుతుంది. మంచం కింద నుంచి మెడ పట్టి లాగడం, ‘అలవాటు పడుతుంది’ అని ఒళ్లో బలవంతంగా కూర్చోబెట్టుకోవడం కూడా అంతే. ఊరుకున్న పిల్ల ధైర్యం తెచ్చుకున్నట్లు కాదు, భయంతో కొయ్యబారినట్లు.

మనిషి నేల మీద, పిల్లకు పక్కకు తిరిగి కూర్చోవాలి. కళ్లలోకి సూటిగా చూడరాదు. పేపరు చదువుకోవచ్చు, చిక్కుళ్లు ఒలుచుకోవచ్చు. మధ్యమధ్య ఉడికించిన కోడిమాంసం ముక్కో, గుడ్డు ముక్కో కాస్త దూరంగా జారవిడవాలి. రోజురోజుకూ ఆ దూరం తగ్గుతుంది. చివరికి పిల్ల తానుగా వచ్చి చేయి వాసన చూసిన రోజున కూడా నెత్తి మీద చేయి వేయకూడదు. పైనుంచి దిగే చేయి దానికి దెబ్బలాగే కనిపిస్తుంది. గడ్డం కింద, ఛాతీ మీద రెండు క్షణాలు నిమిరి ఆపాలి. ఇంకా కావాలనుకుంటే అదే దగ్గరకు వస్తుంది, వద్దనుకుంటే తొలగిపోతుంది. తొలగిపోయే స్వేచ్ఛ ఉందని తెలిసిన పిల్లే త్వరగా దగ్గరవుతుంది. తిండి ఒక్కటే నమ్మకం తేదని కూడా పైన చెప్పిన ఐసర్ బృందమే 2017లో తేల్చింది. కొత్త మనిషి పదేపదే తిండి పెట్టినప్పటికంటె పదేపదే నిమిరినప్పుడే వీధికుక్కలు అతనికి ఎక్కువ చేరువయ్యాయి.

తరువాతి మెట్టు లోకాన్ని పరిచయం చేయడం. మిక్సీ, ప్రెషర్ కుక్కర్ ఈల, మోటారు సైకిలు, గొడుగు, గడ్డం ఉన్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, బడిపిల్లలు, పశువులు, వాన చప్పుడు అన్నింటినీ దూరం నుంచి, తక్కువ మోతాదులో చూపాలి. ప్రతిసారీ వెంటనే ఒక రుచికరమైన ముక్క అందాలి. పిల్ల ముక్క తినడం మానిందంటే మోతాదు మించిందని గుర్తు, వెనక్కి తగ్గాలి. దీపావళి టపాకాయల రాత్రి, పెళ్లి ఊరేగింపు వేళ లోపలి గదిలో ఉంచి తలుపు వేయడం తప్ప శిక్షణ పనికిరాదు. ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అన్న మాట ఈ పిల్లల విషయంలో అక్షరాలా నిజం. ఇంట్లో గంతులు వేస్తున్నదని చూసి సంతకు తీసుకుపోయినవారికి అది అనుభవమే.

భాష సంగతి ఈ ప్రాంతానికి ప్రత్యేకం. కొరాపుట్‌లో ఒకే వీధిలో తెలుగు, ఒడియా, దేశియా, రాయగడలో వాటితోపాటు కువి వినిపిస్తాయి. ఇక్కడ ‘రా’, ‘కూర్చో’ అని పెరిగిన పిల్ల, ‘ఆస’, ‘బస’ అనే ఒడియా ఇంటికి చేరవచ్చు. అందుచేత ప్రతి మాటకూ ఒక చేతి సైగ జోడించి నేర్పడం తెలివైన పని. కుక్క మాటకంటె సైగనే ముందు పట్టుకుంటుంది. ఇల్లు మారినా సైగ మారదు.

తిండి విషయంలో ఎక్కువ చెప్పవలసినది లేదు. చోడి అంబలి, అన్నం కడుపు నింపుతాయి కాని పెరిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. గుడ్డు, చేప, మాంసం కలపాలి. ఆవుపాలు చాలా పిల్లలకు విరేచనాలు తెస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఉడికిన కోడి ఎముకలు పెట్టరాదు.

రేబిస్ సంగతి మరువరాదు

దయతో చేసే పనిలో దాచకూడని ప్రమాదం ఒకటి ఉంది. వీధిలో దొరికిన పిల్లను అప్పటికే పిచ్చికుక్క కరిచి ఉండవచ్చు. రేబిస్ క్రిమి శరీరంలో చేరిన వారాలకో, నెలలకో గాని లక్షణాలు బయటపడవు. ఒకసారి బయటపడితే కుక్కకైనా, మనిషికైనా దాదాపు మరణమే. చిన్నపిల్ల గదా, పాలపళ్లు గదా అని గాటును తేలికగా తీసుకోవడం అందుకే ప్రాణాంతకం. ఏ గాటు పడినా, రక్తం చిందిన గోటి గీత పడినా, ధారగా పడే నీటితో సబ్బు రుద్ది పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. గాయం లోతైతే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. పసుపు, కారం, సున్నం అద్దడం, ఆకు పసరు తాగించడం రెండు జిల్లాల పల్లెల్లోను, ఇవతల సాలూరు, పార్వతీపురం మన్యంలోను ఇంకా వినిపించే చికిత్సలు. వాటితో పోయే సమయమే అసలు నష్టం. తరచుగా కూనలను సాకేవారు వైద్యుని అడిగి ముందస్తు టీకా వేయించుకోవడం మంచిది.

పిల్లకు తొలి వారంలోనే పశువైద్యుని చూపించి నులిపురుగుల మందు తాగించాలి, గోమార్లు ఏరించాలి. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలదాకా సాగుతాయి. రేబిస్ టీకా సాధారణంగా మూడో నెలలో వేస్తారు. 1978లో లోకానికి తెలిసిన పార్వో వ్యాధి నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజులలోనే పిల్లను బలిగొంటుంది. దాని క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది. కనుక టీకాలు పూర్తికాని పిల్లను వీధి నేల మీద దించకుండా చేతుల్లోనో, బుట్టలోనో పెట్టుకొని ఊరు చూపించాలి. భయం పోగొట్టే గడువూ, టీకాల గడువూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఈ పద్ధతి తప్పనిసరి.

ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ చుట్టరికాలు నేటికీ తెగలేదు. జయపురంలో, గుణుపురంలో దొరికిన పిల్లకు సాలూరులోనో, బొబ్బిలిలోనో ఇల్లు దొరకడం అందుకే వింత కాదు. అయితే చుట్టం అడిగాడని ఇచ్చేయడం సరికాదు. ‘గట్టిగా అరుస్తుందా, దొంగను కరుస్తుందా’ అని మొదటే అడిగేవారికి బెదురుపిల్ల తగదు. భయంతో కరిచే కుక్క దొంగను గాక ఇంటి పసివాడిని కరుస్తుంది. ఉద్యోగుల కాలనీలలో మంచి ఇళ్లు దొరుకుతాయి. బదిలీ వస్తే కుక్కను వెంట తీసుకుపోతారా అని ముందే అడగాలి. ఆడపిల్లను వద్దనేవారు ఎక్కువ. ఈతల భయమే దానికి కారణం కనుక, శస్త్రచికిత్స చేయిస్తే ఆ బాధ లేదని చెప్పి, ఆ బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసుకోవడం ఉత్తమం.

చట్టం కూడా మారుతున్నది. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం శస్త్రచికిత్స, టీకా అయిన వీధికుక్కను తెచ్చిన చోటనే విడిచిపెట్టాలి. దత్తత కోరేవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునని, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూడడం వారి బాధ్యత అని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. అదే సంవత్సరం నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించి, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. స్టేషను దగ్గర పెరుగుతున్న కూనకు ఇల్లు వెతకడం ఇప్పుడు కేవలం జాలికి సంబంధించిన విషయం కాదన్నమాట.

ఇచ్చేటప్పుడు పిల్ల లోపాలు దాచరాదు. ‘పెద్ద చప్పుడుకు మంచం కింద దూరుతుంది, మగవారి దగ్గరకు ఆలస్యంగా వస్తుంది, రాత్రి ఒంటరిగా ఉంటే ఏడుస్తుంది’ అని విన్నాక కూడా తీసుకొనేవారే దానిని ఉంచుకుంటారు. తీసుకొనేవారు రెండు మూడుసార్లు వచ్చి, పిల్ల ఉన్న మూలనే కూర్చొని, తమ చేత్తో ముక్క పెట్టడం అప్పగింతకు ముందే జరగాలి. ప్రయాణానికి కొన్ని గంటల ముందు తిండి ఆపితే ఘాట్ మలుపుల్లో వాంతులు తగ్గుతాయి. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. పిల్ల పడుకున్న పాత చీరను ఉతకకుండా అలాగే పంపాలి. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే.

బెదురుపిల్ల తప్పిపోయేది ఎక్కువగా మొదటి పది రోజులలోనే. తెరిచిన గేటు, జారిన మెడపట్టీ చాలు. కొత్త ఊరిలో పిలిచినా రాదు, పరుగెత్తితే ఆగదు. మెడపట్టీతోపాటు ఛాతీ చుట్టూ బిగించే పట్టీ కూడా వేసి, రెండు తాళ్లతో నడిపించాలని, మూత్రానికి పెరట్లోకి తెచ్చినా తాడు విడవరాదని, ఫోను నంబరు రాసిన బిళ్ల కట్టాలని స్పష్టంగా చెప్పి పంపాలి. మూడో రోజున ఒకసారి, రెండు వారాలకు ఒకసారి ఫోను చేసి తిండి, నిద్ర, విరేచనాల సంగతి అడగాలి. కుదరకపోతే పిల్లను మరెవరికీ ఇవ్వక, వీధిలో వదలక, తెచ్చిన ఇంటికే తిరిగి అప్పగించాలన్న షరతు మొదటి కాగితంలోనే ఉండాలి.